పైసలిచ్చి నీళ్లు పారబోయించాం: చలిదేశంలో ఇల్లు మూసి ఊరికొచ్చేవాళ్ల కోసం ఒక ప్లంబర్ సర్వీస్ రివ్యూ

రేటింగ్ ముందే చెప్పేస్తా, ఐదుకు మూడున్నర. ఆ ఒకటిన్నర ఎందుకు పోయిందో చెప్పాలంటే ఒక సంక్రాంతి సంగతి, ఒక ఫ్రిజ్ సంగతి చెప్పాలి, కాబట్టి కాస్త పొడుగే అవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

మా ఇల్లు అమెరికాలో, మినియాపొలిస్ పక్కన. పోయిన డిసెంబర్‌లో నాయినకు మోకాలి ఆపరేషన్ ఉండి నేనూ మా ఆయనా నల్గొండ వచ్చాం, మూడు నాలుగు నెలలు ఉందామని. అక్కడ జనవరి రాత్రుల్లో మైనస్ 20 సెంటీగ్రేడ్ అంటే ఎవరూ ఆశ్చర్యపోరు. చాలామంది ఇల్లంతా వేడిగా ఉంచే ఫర్నేస్‌ను 55 ఫారెన్‌హీట్ మీద, అంటే మన లెక్కలో 13 డిగ్రీల దగ్గర పెట్టేసి తాళం వేసి విమానం ఎక్కేస్తారు. మేమూ అదే చేద్దామనుకున్నాం. కానీ 2021 ఫిబ్రవరిలో టెక్సస్‌లో చలికి కరెంటు పోయినప్పుడు డాలస్‌లో ఉన్న మా చిన్నమ్మ కొడుకు ఇంట్లో పైపు పగిలి, పైకప్పు బోర్డు నానిపోయి సోఫా మీద పడింది. వాళ్లు ఇంట్లో ఉండగానే ఇంత జరిగింది. ఎవరూ లేని ఇంట్లో పైపు పగిలితే ఎవరో ఒకరు తలుపు తీసేదాకా నీళ్లు పోతూనే ఉంటాయి. ఆ భయంతోనే ఒక ప్లంబర్‌ను పిలిచి, ఇంట్లో ఉన్న నీళ్లన్నీ తీయించి వచ్చాం.

ఈ ముక్క చెప్పగానే నాయిన మంచం మీద నుంచే, "ఏందే, పైసలిచ్చి నీళ్లు పారబోపిచ్చి వచ్చినవా?" అన్నాడు. ఆయన ఊరికే అనలేదు. ప్రకాశం బజార్ దగ్గర ముప్పై ఏళ్లు మోటార్ వైండింగ్ షాపు నడిపాడు. ఎండాకాలం వచ్చిందంటే కాలిపోయిన బోరు మోటార్లు షాపు ముందు వరుసగా పడి ఉండేవి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి బొక్కలు వంగిపోయిన మనుషులున్న జిల్లా ఇది, నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి మా ఊరి పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అంటారు. కృష్ణా నీళ్లు నల్లాల్లో వచ్చేదాకా బిందె నీళ్ల విలువ ఏంటో చూసిన మనిషికి, 325 డాలర్లిచ్చి నీళ్లు పారబోయించుకోవడం అర్థం కావాలంటే టైం పడుతుంది. నాకే పట్టింది.

విషయం ఏంటంటే, నీళ్లు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతాయి, ఇది బళ్లో చదివిందే. కానీ పైపు చాలాసార్లు గడ్డ కట్టిన చోట పగలదు. గడ్డ ఒకచోట బిరడాలా బిగుసుకుని, పెరుగుతూ పెరుగుతూ నల్లా వైపు మిగిలిన నీళ్లను నెడుతుంది, నల్లా ఏమో మూసి ఉంది, నీళ్లు ఎటూ పోలేవు, నొక్కితే నలిగేవి కావు, చివరికి ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ చీలుతుంది. చీలిన సంగతి కూడా వెంటనే తెలియదు, గడ్డే అడ్డం ఉంటుంది కదా, అది కరిగిన రోజు తెలుస్తుంది. నాయినకు ఇది చెప్తే ఒక్క నిమిషం ఆలోచించి, "గేటు వాల్వు బంద్ చేసి మోటారు నడిపినట్టు" అన్నాడు. సరిగ్గా అదే కాదు గానీ దగ్గరిదే.

ఇక పని సంగతి. చెప్పిన టైం కంటే రెండు గంటలు లేటుగా వచ్చారు, ఒక పెద్దాయన, ఇద్దరు కుర్రాళ్లు. పేరు రాయడం లేదు, చిన్న కంపెనీ, నా ఫిర్యాదు ఒక్కటే పైకి కనిపించి వాళ్ల పొట్ట కొట్టడం నాకిష్టం లేదు. లేటు సంగతి పక్కన పెడితే, మొదట చేసిన పనికే సగం మార్కులు ఇచ్చేశా. మా నీటి మీటరు బేస్‌మెంట్‌లో ఉంటుంది. మామూలుగా అందరం ఇంటి లోపలి మెయిన్ వాల్వు కట్టేసి చేతులు దులుపుకుంటాం, కానీ ఆ వాల్వుకు ముందున్న పైపులో నీళ్లు ఉండనే ఉంటాయి, ఇల్లు మరీ చల్లబడితే ఉబ్బేది అక్కడే. ఈయన ముందే మునిసిపాలిటీ వాళ్లతో మాట్లాడి పెట్టుకుని, వీధిలో భూమి లోపల ఉండే వాల్వునే వాళ్ల మనిషి చేత కట్టించాడు, ఆ తర్వాత మీటరు కూడా ఖాళీ చేశాడు. మీరు ఎవరిని పిలిచినా ఈ ఒక్క ప్రశ్న అడగండి, వీధి వాల్వా, ఇంటి వాల్వా అని.

తర్వాత వాటర్ హీటరు. మాది కరెంటుది, ముందు బ్రేకరు ఆపి, ఆ తర్వాతే అడుగున గొట్టం తగిలించి నీళ్లు వదిలారు. చివర్లో తెల్లటి సున్నం ముక్కలు పడ్డాయి, అచ్చం మన ఊళ్లో గీజర్లు విప్పితే వచ్చేదే. ఆ తర్వాత కంప్రెసర్ తెచ్చి పైపుల్లోకి గాలి కొట్టారు, ఒత్తిడి 50 పీఎస్‌ఐ దాటకుండా, నల్లాలన్నీ ఒకేసారి తెరవకుండా దూరంగా ఉన్నదానితో మొదలుపెట్టి ఒక్కొక్కటీ తెరుస్తూ, ఉమ్మినట్టు తుంపర్లు పడి చివరికి వట్టి గాలి వచ్చేదాకా. నాయిన భాషలో చెప్పాలంటే బోరు ఫ్లషింగే, కాకపోతే ఇంటి లోపల. టాయిలెట్ ట్యాంకు అడుగున మిగిలిన నీళ్లను స్పాంజితో తీశారు, వాషింగ్ మెషిన్, గిన్నెలు తోమే మెషిన్ కూడా ఖాళీ చేశారు, పెరట్లో నల్లాకు మేం మరిచిపోయి వదిలేసిన గొట్టం విప్పారు (గొట్టం ఉంటే ఆ నల్లాలో నీళ్లు దిగిపోవట, అది నాకూ కొత్త).

చివరికి గులాబీ రంగు యాంటీఫ్రీజ్, అంటే చలికి గడ్డకట్టని ద్రవం. సింకుల కింద, స్నానాల గదుల కింద వంపు తిరిగిన పైపు ఉంటుంది కదా, అందులో కాసిన్ని నీళ్లు ఎప్పుడూ నిలిచి ఉండాలి, లేకపోతే డ్రైనేజీ వాసన ఇంట్లోకి వస్తుంది, అలాగని ఆ నీళ్లు ఉంటే గడ్డకట్టి పైపు పగులుతుంది. అందుకని అక్కడ, టాయిలెట్ గిన్నెలో, ఫ్లోర్ జాలీల్లో ఇది పోస్తారు. ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసింది పోయాలి, కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ విషం, షెడ్డులో ఉంది కదా అని అది పోయకండి. ఫోటో చూపిస్తే నాయిన, "గులాబీ రంగు నీళ్లా, ఏ పార్టీ మీటింగే?" అన్నాడు. అప్పటికి మోకాలు కాస్త నయమైందని అర్థమైంది నాకు.

ఇక్కడ మన దగ్గర గడ్డకట్టే బాధ లేదు గానీ ఆ వంపు పైపు ఎండిపోయే బాధ ఉంది. మేం వచ్చేసరికి పై అంతస్తు బాత్రూం ఆరు నెలలుగా వాడక, తలుపు తీయగానే కంపు, బొద్దింకలు. అమ్మ జాలీ మీద పాలిథిన్ కవర్ పరిచి ఇటుక పెట్టే రకం. జాలీలో ఓ చెంబు నీళ్లు పోసి పైన రెండు చెంచాల నూనె వేయండి, నూనె పైన తేలి నీళ్లు తొందరగా ఆవిరి కాకుండా ఆపుతుంది.

ఇప్పుడు సంక్రాంతి. మా ఆయన ఎందుకైనా మంచిదని ఫర్నేస్‌ను కూడా 55లో నడుస్తూ ఉంచాడు, నీళ్లు తీసేశాక అది అవసరమా అని నేను గొణిగాను. భోగి రోజు అమ్మా మేనత్తా సకినాలు చుడుతుంటే నా ఫోన్ టింగుమంది, అక్కడ మా ఇంట్లో వేడి 48 ఫారెన్‌హీట్‌కి పడిందని. గంటలు గడిచేకొద్దీ 44, 39. పొద్దున లేచేసరికి 31, అంటే నీళ్లు గడ్డకట్టే 32 గీత దాటేసింది. ఇక్కడ పదహారు డిగ్రీలకే నాయిన మంకీ క్యాప్ పెట్టుకుని కూర్చున్నాడు, అక్కడ నా వంటింట్లో సున్నా కన్నా తక్కువ. అదే పైపుల్లో నీళ్లు ఉండి ఉంటే ఆ పండగ ఎలా గడిచేదో నాకు తెలుసు. టెన్షన్ లేదని అనను, ఉంది, కానీ ఏడుపు రాలేదు. అక్కడ మా ఇంటి దగ్గర్లోనే ఉండే ఒక సూర్యాపేట అన్నయ్యకు తాళం చెవి ఇచ్చి వచ్చాం, మంచు తగ్గాక రెండో రోజు ఆయన వెళ్లి చూసేసరికి లోపల 24. ఫర్నేస్ నుంచి కారే నీటిని బయటికి తీసుకుపోయే సన్నటి గొట్టం గ్యారేజీ గోడ వెంబడి పోతుంది, అది గడ్డకట్టి, నీళ్లు వెనక్కి నిండి, ఫర్నేస్ తనంతట తానే ఆగిపోయింది. ఇది ప్లంబర్ తప్పు కాదు, అతని పనిలో లేనిది. వేడి ఉంది కదా అని దాన్ని మాత్రమే నమ్ముకోవద్దని నేను చెప్పేది ఇందుకే.

మార్చిలో మా ఆయన ముందు వెళ్లాడు. నీళ్లు తిరిగి వదిలే రోజు అక్కడ పొద్దున తొమ్మిది, ఇక్కడ రాత్రి ఏడున్నర, వీడియో కాల్‌లో నేనూ నాయినా. తెరిచేటప్పుడు తొందరపడితే అసలు నష్టం అప్పుడే. నల్లాల మూతికి ఉండే జాలీలు విప్పాలి, నల్లాలు కాస్త తెరిచి ఉంచి మెయిన్ వాల్వు కొంచెం కొంచెంగా తిప్పాలి, లేకపోతే లోపలి గాలి పైపులను బాదుతుంది. "అల్లుడూ, ఒక్కసారే తిప్పనియ్యకుండ్రి" అని నాయిన ఇక్కడి నుంచే అరుస్తున్నాడు, ఆ అమెరికా ప్లంబర్‌కు తెలుగు వచ్చినట్టు. హీటరు పూర్తిగా నిండి, వేడినీళ్ల నల్లాలో ధార ఆగకుండా వచ్చేదాకా బ్రేకరు వేయొద్దు, నీళ్లు లేకుండా వేస్తే లోపలి ఎలిమెంట్ కాలిపోతుంది. ఈ ముక్క నాయినకు ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, డ్రై రన్‌లో కాలిన మోటార్లతోనే మా ఇల్లు కట్టాడు.

పైపులన్నీ భేష్. ఒక్క చుక్క లేదు. అందరం ఊపిరి పీల్చుకున్నాక పది నిమిషాలకు ఫ్రిజ్ కింద నుంచి సన్నగా నీళ్లు. ఐస్ తయారయ్యే మెషిన్‌కు వెనక నుంచి వేలు లావు కూడా లేని ఒక గొట్టం పోతుంది, డిసెంబర్‌లో ఇల్లంతా గాలి కొట్టినవాళ్లు దాన్ని మరిచిపోయారు. అందులో మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఫ్రిజ్ వెనక ఉండే ప్లాస్టిక్ వాల్వు నిలువునా చిట్లింది. మనిషి పక్కనే ఉండబట్టి వెంటనే కట్టేశారు, నేల చెక్కలు పాడవలేదు. ఆ కుర్రాడు మొదట ఫ్రిజ్ మా పనిలోకి రాదు అన్నాడు, డిసెంబర్ బిల్లు మీద నీళ్లు వచ్చే ప్రతి చోటూ అని వాళ్లే రాశారు, మా ఆయన అది చూపించాక పెద్దాయనకు ఫోన్ చేసి, కూలి లేకుండా వాల్వు మార్చాడు, వాల్వు ధర మాత్రం మాదే. అర మార్కు అక్కడ తిరిగి కలిపా. ఇంకో కోపం, తెరవడానికి మళ్లీ 150 డాలర్లు అని డిసెంబర్‌లో ఒక్క మాట చెప్పలేదు.

మళ్లీ పిలుస్తామా అంటే పిలుస్తాం, కాకపోతే ఫ్రిజ్ దగ్గరికి నేనే తీసుకెళ్లి చూపిస్తా. బిల్లు, ఖాళీ చేసిన ఫోటోలు జాగ్రత్తగా దాచుకోండి. ఖాళీ ఇంట్లో పైపు పగిలితే, వేడి ఉంచడమో, నీళ్లు కట్టేసి ఖాళీ చేయడమో చేశారా అని ఇన్సూరెన్స్ వాళ్లు అడిగే అవకాశం ఉంది, మీ పాలసీలో ఏం రాసి ఉందో బయల్దేరే ముందే చూసుకోండి.

ఇక ఆ చిట్లిన వాల్వు. కాల్ పెట్టేసే ముందు నాయిన, "పాతది పారెయ్యకుండ్రి, నేను చూడాలె" అన్నాడు. మా ఆయన దాన్ని కవర్లో వేసి పెట్టాడు. మే నెలలో అటు నుంచి నల్గొండ వైపు వచ్చేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, వంద గ్రాములు కూడా ఉండదు.