గుండు చేయించుకున్న నాన్నకు కొన్న స్వెట్టర్, మంకీ క్యాప్

ధనుర్మాసంలో 71 ఏళ్ల మా నాన్నను కొండకు తీసుకెళ్లాను. ముందురోజు సాయంత్రం తిరుపతిలో, గోవిందరాజస్వామి గుడి దగ్గర సందులో ఒక చిన్న కొట్లో 650కి స్వెట్టర్, 120కి మంకీ క్యాప్ తీసుకున్నా.

మొక్కు మొక్కేనని నాన్న గుండయ్యాక చన్నీళ్లే పోసుకున్నాడు. బయటికొచ్చేసరికి దవడలు టకటకమంటున్నాయి. చెయ్యి పట్టుకుంటే రోమాలు నిక్కబొడుచుకుని చర్మం గరుగ్గా తగిలింది, వేళ్లు పాలిపోయాయి. నేను హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో, మా నాన్న ఒంట్లో చూస్తే భయమేసింది. చలి కబురు అందగానే మెదడులోని హైపోథాలమస్ ముందు చర్మం కింది రక్తనాళాలను బిగిస్తుంది, లోపలి వేడి బయటికి పోకుండా. అదీ చాలకపోతే కండరాలను గబగబా బిగించి వదులుతుంది. ఆ కష్టమంతా వేడిగా మారుతుంది. అదే వణుకు. పెద్దవాళ్లకు కండ తగ్గిపోతుంది కాబట్టి ఆ వేడి కూడా తక్కువే పుడుతుంది.

తడి పంచె ముందు మార్పించాను. గాలికంటే నీళ్లు ఇరవై రెట్లకు పైగా వేగంగా వేడిని లాగేస్తాయి. తడి మీద స్వెట్టర్ వేస్తే ఏం లాభం? ఒళ్లు తుడిచి తొడిగితే పది నిమిషాల్లో వణుకు తగ్గింది, మాట స్పష్టంగా వచ్చింది. వణుకు ఆగిపోయి మనిషి మత్తుగా, మాట ముద్దగా ఉంటే మాత్రం తగ్గిందనుకోవద్దు, వెంటనే డాక్టర్‌కు చూపించాలి.

ఈ స్వెట్టర్‌లో నాకు బాగా నచ్చింది ముందున్న జిప్పు. వణికే చేతులతో బొత్తాలు పెట్టుకోలేరు, తల మీదుగా వేసేదైతే అప్పుడే పూసిన చందనమంతా పోతుంది. అల్లిక మందంగా ఉంది, మధ్యలో గాలి నిలుస్తుంది. వెచ్చదనం దానివల్లే.

క్యాప్ మాత్రం బాలేదు. కొత్త గుండుకు గుచ్చుకుంది, లోపల నూలు చేతిరుమాలు పరిచి పెట్టాల్సొచ్చింది. గడ్డం కింద బిగుతు. పెద్ద సైజు అడిగితే మర్నాడు కొట్టాయన మారుమాట లేకుండా మార్చిచ్చాడు, అందుకు సంతోషం. కానీ "పూర్తి ఉన్ని అమ్మా" అని అమ్మిన స్వెట్టర్ లోపలి చీటీ మీద అక్రిలిక్ అని ఉంది. ఒక్క ఉతుక్కే మోచేతుల దగ్గర ఉండలు కట్టింది. చీటీ చూసి బేరమాడండి.

అమ్మకూ ఒకటి తీసుకుంటా, జిప్పుదే.