చేపల్ని బయటికి తీయకుండా నీళ్లు మార్చే సైఫన్ పంపు: నాలుగేళ్లు వాడాక

ఒక్క చేపను కూడా వలతో పట్టకుండా ట్యాంకు అడుగు శుభ్రం చేయొచ్చు. నేను ఈ చేతి సైఫన్ గురించి రాయాలనుకున్నది ఆ ఒక్క మాట కోసమే. 2021లో మూడొందల లోపే పెట్టి కొన్నాను. ఒక చివర వెడల్పాటి గొట్టం, మధ్యలో నొక్కడానికి రబ్బరు బుడ్డి, ఆపైన సన్నటి పైపు. అంతే.

అంతకుముందు మా ఇంట్లో ట్యాంకు కడగడమంటే ఆదివారం సగం పూట పోయేది. నాలుగు గోల్డ్‌ఫిష్‌లను వలతో తరిమి పట్టుకుని బకెట్లో వేసేవాళ్లం. మూడడుగుల ట్యాంకు మొత్తం తోడేసి, రాళ్లను బాత్రూంలో బియ్యం కడిగినట్టు కడిగేవాళ్లం. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో ఏదో ఒక చేప తిండి మానేసి మూలన కూర్చునేది. వాటి ఆయుష్షు అంతేనేమో అనుకున్నాం. ఎన్ని చేపల్ని అలా పోగొట్టుకున్నామో తలచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఈ గొట్టాన్ని రాళ్లలోకి దింపితే రాళ్లు సగం దాకా లేచి మళ్లీ కిందికి పడిపోతాయి. వాటి మధ్య ఇరుక్కున్న మట్టి రంగు చెత్త మాత్రం గిర్రున తిరుగుతూ పైపులోంచి బకెట్లోకి పోతుంది. గొట్టం వెడల్పు కాబట్టి అందులో నీటి వేగం తక్కువ, రాయిని మోసే బలం ఉండదు. పైపు కొంచెం నొక్కి పడితే చిన్న రాళ్లు కూడా ఆగిపోతాయి. ఇన్నేళ్లయినా అది చూస్తుంటే నాకు తృప్తిగా ఉంటుంది. చేపలు కూడా ఇప్పుడు బెదరవు, గొట్టం దగ్గరికే వచ్చి చూస్తాయి.

అయితే ఇది ఇంత సులువుగా పని చేస్తుంది కాబట్టే ఒకసారి పెద్ద దెబ్బ తిన్నాను. రెండేళ్ల కిందట మే నెలలో చుట్టాలు వస్తున్నారని ట్యాంకు మిలమిల్లాడాలనుకున్నాను. ఎప్పుడూ రెండు బకెట్లతో ఆపేదాన్ని, ఆ రోజు రాళ్లన్నీ వెతికి వెతికి లాగేసరికి ముప్పాతిక నీళ్లు పోయాయి. చెయ్యి ఆగలేదు, ఫిల్టర్ స్పాంజిని కూడా కుళాయి కింద పిండి పిండి కడిగాను. హైదరాబాద్‌లో మాకు రోజు విడిచి రోజు మున్సిపల్ నీళ్లొస్తాయి. ఆ రోజు నీళ్లొచ్చిన రోజే, కుళాయి తిప్పితే క్లోరిన్ వాసన. పైగా మిద్దె మీది ట్యాంకులో ఎండకు కాగిన నీళ్లు. వాటినే నేరుగా పోశాను.

సాయంత్రానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఎయిర్ మోటార్ రెండోది కూడా పెట్టాను. మర్నాటికి కాస్త కుదుటపడ్డాయి, హమ్మయ్య అనుకున్నాను. మూడో రోజు నీళ్లు పాలు కలిపినట్టు తెల్లబడ్డాయి. అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చి చూస్తే పసుపు ఉండాల్సిన చోట ముదురు ఆకుపచ్చ, అంటే నీళ్లలో అమ్మోనియా బాగా పెరిగిపోయింది. చేపల మలంలోంచి, మిగిలిన తిండిలోంచి పుట్టే అమ్మోనియాను విరిచే బ్యాక్టీరియా ఉండేది ఆ స్పాంజిలోనూ ఆ రాళ్ల మీదా అని అప్పుడు తెలుసుకున్నాను. మురికి అనుకుని నేను కడిగేసింది దాన్నే. మా దగ్గర ఎక్కువ కాలం బతికిన చేప నాలుగో రోజు పోయింది. మా అబ్బాయి రెండు రోజులు ఆ ట్యాంకు వైపు చూడలేదు. మిగిలిన మూడింటికి తిండి బాగా తగ్గించి, రాత్రంతా నిలవపెట్టిన నీళ్లు రోజూ రెండు బకెట్లు మారుస్తూ వచ్చాను. కిట్‌లో మళ్లీ పసుపు కనిపించడానికి దాదాపు నెల పట్టింది.

ఇప్పుడు వారానికి రెండు బకెట్లే, అంటే మా ట్యాంకులో పావు వంతు. రాళ్లలో ఒక వారం ఎడమ సగం, ఇంకో వారం కుడి సగం. స్పాంజిని ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే ముంచి మెల్లగా పిండుతాను. కొత్త నీళ్లు ముందు రోజే పట్టి మూత లేకుండా పెడతాను, వీలుకాకపోతే యాంటీ క్లోరిన్ చుక్కలు. రెండు నీళ్లలోనూ థర్మామీటర్ పెట్టి చూడకుండా పోయను. తీసిన నీళ్లు అత్తయ్య పారబోయనివ్వరు, కరివేపాకు మొక్కకు పోస్తారు.

రబ్బరు బుడ్డిని మొదట్లో అందరికీ తెగ మెచ్చుకున్నాను. రెండేళ్లకే అది గట్టిపడి, అతుకు దగ్గర గాలి పీలుస్తోంది. ఇప్పుడు దాన్ని నొక్కడమే మానేశాను. గొట్టం, పైపు మొత్తం ట్యాంకులో ముంచి నింపి, చివర బొటనవేలితో మూసి బకెట్లోకి దించి వదిలితే నీళ్లు అవే వస్తాయి. కాబట్టి బుడ్డి కోసం ఎక్కువ డబ్బు పెట్టక్కర్లేదనిపిస్తోంది.

మా స్టాండు రెండున్నర అడుగుల ఎత్తు కాబట్టి ధార బాగుంటుంది. ట్యాంకు పొట్టి టీపాయ్ మీద ఉంటే ఇంత జోరు రాదు. గప్పీల్లాంటి చిన్న చేపల పిల్లలుంటే అవి కూడా గొట్టంలోకి పోతాయి, మా చెల్లి ట్యాంకులో అదే జరిగింది. అడుగున రాళ్ల బదులు సన్న ఇసుక ఉన్నా ఇది సరిపడదు, ఇసుకంతా బకెట్లోకి వచ్చేస్తుంది. పెద్ద గోల్డ్‌ఫిష్‌లు, లావు రాళ్లు ఉన్న నాలాంటి వాళ్లకైతే బాగుంటుంది. నేను మళ్లీ కొన్నా ఇలాంటిదే కొంటాను, కాకపోతే బుడ్డి లేనిది, బాత్రూం దాకా అందేంత పొడవు పైపున్నది. బకెట్లు మోస్తుంటే ఈ మధ్య నడుం పట్టేస్తోంది.