మెమరీ లీకుల వేటలో జెమలాక్ హీప్ ప్రొఫైలర్: ఏళ్ల వాడకం తర్వాత

మిర్యాలగూడ మిల్లులకొచ్చే వడ్ల లారీల టోకెన్లు, ధర్మకాంటా తూకాలు రాసుకునే సీ ప్లస్ ప్లస్ సర్వర్ ఒకటి నేను చూసుకుంటా. థ్రెడ్ పూల్ (పక్కపక్కనే పని చేసే థ్రెడ్ల గుంపు) మీద నడుస్తుంది. మామూలు రోజుల్లో దాని మెమరీ కదలదు. యాసంగి కోతలు మొదలై లారీలు బారులు తీరితే మాత్రం ఎక్కడమే గానీ దిగడం ఉండదు. అక్కర తీరినా వదలని మెమరీ ఇట్లా పోగుపడటమే లీకు. "అన్నా, రోజూ రాత్రి రీస్టార్ట్ కొడదాం, అయిపాయె" అంటాడు మా తమ్ముడొకడు. కొన్నాళ్లు అట్లనే నడిపినం కూడా. చివరికి లీకును పట్టించింది జెమలాక్ అనే మెమరీ కేటాయింపు లైబ్రరీలోని హీప్ ప్రొఫైలర్, అంటే ఏ ఫంక్షన్ ఎంత మెమరీ తీసుకుందో లెక్కగట్టేది.

మెమరీ తప్పులు పట్టే వాల్‌గ్రైండ్ మంచి పనిముట్టే, టెస్టులకు ఇప్పటికీ అదే వాడతా. కానీ అది ఎన్ని థ్రెడ్లున్నా ఒకసారికి ఒక్కదాన్నే నడిపిస్తుంది. దాని మెమరీ తనిఖీ భాగమైన మెమ్‌చెక్ కింద ప్రోగ్రాం 10 నుంచి 30 రెట్లు నెమ్మదిస్తుంది. లైవ్‌లో పెడితే డ్రైవర్లు కాంటా మీదే నిద్రపోవాలి. అసలు చిక్కు వేగం కాదు. మా సర్వర్‌లో ప్రతి కనెక్షన్‌కు ఒక సెషన్ రికార్డు మ్యాప్ అనే పట్టికలో చేరుతుంది. మిల్లు దగ్గర నెట్ మధ్యలో తెగితే ఆ రికార్డును తీసేసేవాళ్లు లేరు. సర్వర్ ఆపినప్పుడు మ్యాప్ డిస్ట్రక్టర్ (మ్యాప్‌ను కూల్చేటప్పుడు నడిచే కోడ్) అన్నింటినీ శుభ్రంగా విడుదల చేస్తుంది, కాబట్టి వాల్‌గ్రైండ్ లీకు సున్నా అంటుంది. లీకులు వెతికే ఇంకో పనిముట్టు లీక్ శానిటైజర్‌దీ అదే మాట. రెండూ అబద్ధం చెప్పట్లేదు. పోయినాక లెక్క అడిగితే అట్లనే ఉంటది.

జెమలాక్ సర్వర్ బతికుండగానే లెక్క చెబుతుంది. ప్రొఫైలింగ్ ఆన్ చేసి కంపైల్ చేసిన లైబ్రరీని ఎల్‌డీ ప్రీలోడ్‌తో (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడు లైబ్రరీని ముందే ఎక్కించే సెట్టింగు) తగిలించి, మాలాక్ కాన్ఫ్ సెట్టింగులో prof:true పెడితే చాలు, సర్వర్‌ను మళ్లీ కట్టనక్కర్లేదు. ప్రతి కేటాయింపునూ పట్టదు, డిఫాల్ట్‌గా సగటున 512 కేబీకి ఒక నమూనా తీసుకుంటుంది. అందుకే లైవ్‌లో పెట్టినా ఎవరికీ తెలియదు. పొద్దున ఒక డంపు (ఆ క్షణపు మెమరీ లెక్క), సాయంత్రం ఒకటి తీసి, డంపులు చదివే జెప్రాఫ్‌లో మొదటిదాన్ని బేస్‌గా ఇస్తే పెరిగినదొక్కటే మిగులుతుంది. సెషన్ సృష్టించే ఫంక్షన్ పైనే కూర్చుని కనబడింది.

దీనికి ముందు చేయాల్సిన పని ఒకటుంది. లినక్స్‌లో మామూలుగా మెమరీ ఇచ్చే జీలిబ్‌సీ మాలాక్ 64 బిట్ యంత్రంలో కోర్‌కు 8 చొప్పున అరీనాల (థ్రెడ్లకు విడివిడిగా మెమరీ ఇచ్చే నిల్వలు) దాకా పోతుంది. థ్రెడ్లు ఎక్కువైతే లీకు లేకున్నా మెమరీ ఉబ్బుతుంది. మాలాక్ అరీనా మ్యాక్స్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌ను 2కు తగ్గించి చూడండి. గ్రాఫ్ చదునైతే కోడ్ జోలికి పోవద్దు.

ఇక లోపాలు. కేటాయించింది ఎవరో చెబుతుంది, పట్టుకుని కూర్చున్నది ఎవరో చెప్పదు. ఒక థ్రెడ్ పుట్టించి క్యూలో వేస్తే ఇంకో థ్రెడ్ విడుదల చేసే సర్వర్లలో ఇది పెద్ద వెలితి, అక్కడ సొంత కౌంటర్లు రాసుకోక తప్పదు. స్ట్రిప్ చేసిన (పేర్ల సమాచారం తీసేసిన) బైనరీ అయితే ఫంక్షన్ పేర్ల చోట ఉత్త అడ్రసులొస్తాయి. జెప్రాఫ్ పాత పెర్ల్ స్క్రిప్టు, దాని బొమ్మలు చూస్తే కళ్లు తిరుగుతాయి, నేను టెక్స్ట్ అవుట్‌పుటే చూస్తా. కావాలనుకున్నప్పుడు డంపు తీయాలంటే సర్వర్‌లోనే చిన్న అడ్మిన్ కమాండ్ పెట్టుకోవాలి. ఆ కమాండ్‌తోనే నమూనాల సేకరణను ఆపొచ్చు, నడపొచ్చు. వానాకాలం నాట్లప్పుడు ఆపేసి, కోతలప్పుడు మళ్లీ తిప్పుతా.