పిల్లల హాకీ: పెద్ద మైదానంలో క్యాంపా, పేటలో మాస్టారా?

నిరుడు మా అమ్మాయిని హాకీలో చేర్చినప్పటి నుంచి ఒడిశాలోని మా రాయగడలో ఏడెనిమిదేళ్ల పిల్లలున్న తెలుగు కుటుంబాలవారు నన్ను ఒకటే అడుగుతున్నారు: ఉదయం పూట పెద్ద మైదానంలో జరిగే క్యాంపులో చేర్చడం మేలా, సాయంత్రం పేటలో పదిమందికి నేర్పే మాస్టారి దగ్గరకు పంపడం మేలా? పురుషుల ప్రపంచ కప్పు 2018లోను, 2023లోను మన రాష్ట్రంలోనే జరిగాక, హాకీ ఎందుకని అడిగేవారు తగ్గారు. ఎక్కడ అన్నదే ఇప్పుడు సందేహం. మేము మొదటి నాలుగు నెలలు క్యాంపుకు పంపి, తరువాత మాస్టారి దగ్గరకు మార్చాము కనుక రెండింటి సంగతీ కొంత తెలుసు.

క్యాంపు గొప్పతనాన్ని తక్కువ చేసి చెప్పలేను. నేల చదునుగా ఉంటుంది, గోలుకు వల ఉంటుంది, కోచ్ ఆటలో తల పండినవాడు. ఆడపిల్లలు పదిహేనుమందికి తక్కువ కాకుండా వస్తారు కనుక మా అమ్మాయికి తోడు దొరికింది. అయినా మాన్పించడానికి కారణం ఒక్కటే. ఒక రోజు గట్టు మీద కూర్చుని, గంటసేపట్లో మా అమ్మాయి స్టిక్కు బంతిని ఎన్నిసార్లు తాకిందో లెక్కపెట్టాను: పద్నాలుగు సార్లు. నలభైమంది పిల్లలు రెండు వరుసల్లో నిలబడి, వంతు వచ్చినప్పుడు ఒకసారి బంతిని కొట్టి, పరుగెత్తుకొచ్చి మళ్లీ వరుస చివర నిలబడుతున్నారు. మిగతా సమయమంతా మా అమ్మాయి స్టిక్కు కొసతో మట్టిలో గీతలు గీస్తూ గడిపింది. మాస్టారి దగ్గర ఇద్దరికొక బంతి ఉంటుంది. చివరి ఇరవై నిమిషాలు నలుగురిని అటు, నలుగురిని ఇటు పెట్టి చిన్న ఆట ఆడిస్తారు. అక్కడా లెక్కపెట్టబోయాను కాని, నూరు దాటాక వదిలేశాను.

ఈ వయసులో మిగిలినవాటి కంటె ఈ లెక్కకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. హాకీ స్టిక్కుకు ఒక వైపే చదును, గుండ్రంగా ఉన్న రెండో వైపుతో బంతిని ఆడకూడదు; అందువల్ల బంతి ఎడమకు పోయిన ప్రతిసారీ స్టిక్కును తిప్పి పట్టాలి, ఆ తిప్పడమంతా పైన పట్టుకున్న ఎడమ చేతి మణికట్టు పని. కుడి చేయి వదులుగా ఆనించి ఉంటే చాలు. చెబితే ఒక్క నిమిషంలో అర్థమయ్యే ఈ సంగతి చేతికి అలవాటు కావడానికి వేలసార్లు బంతిని తాకాలి. (పిల్లవాడిది ఎడమచేతి వాటమని బెంగపడే తల్లిదండ్రులకు ఒక మాట: ఎడమచేతి వాటానికి వేరే స్టిక్కు ఉండదు, ఈ ఆటలో ఆ చేతికే పని ఎక్కువ.)

సుందర్‌గఢ్ జిల్లా సంగతే చూడండి. భారత జట్టుకు ఆడిన దిలీప్ తిర్కీ, అమిత్ రోహిదాస్ ఇద్దరూ పుట్టిన సౌనామారా గ్రామం అక్కడిదే. ఆ పల్లెల్లో పిల్లలు చెట్టుకొమ్మను, వెదురును స్టిక్కుగా చేసుకుని ఆడడం, గెలిచిన జట్టుకు ఖస్సీని, అంటే మేకపోతును, బహుమతిగా ఇచ్చే పందేలు జరగడం చాలాకాలంగా ఉన్నవే. అక్కడ వరుసలో నిలబడి వంతు కోసం చూడడం కంటె ముందు ఆట మొదలవుతుంది.

మాస్టారి దగ్గర లోపాలు లేకపోలేదు. నేల గులకరాళ్లమయం. క్రికెట్ బంతి అంత బరువుండే బంతి రాయికి తగిలి ఎగిరి ముంగాలికి కొడుతుంది కనుక షిన్ గార్డు లేనిదే పంపకూడదు. నేను ఆ మాట వినకుండా ఒక వారం పంపి, కమిలిన కాలికి కాపడం పెట్టాను. ఆయన బడిపంతులు కావడం వల్ల పరీక్షల రోజుల్లో ఆట ఉండదు. అన్నిటికంటె నన్ను బాధించేది, అక్కడ మా అమ్మాయి కాక ఇంకొక్కర్తే ఆడపిల్ల ఉండడం. ఆ పిల్ల రాని సాయంత్రం మా అమ్మాయీ వెళ్లనని మొరాయిస్తుంది. మీ అమ్మాయి బిడియస్తురాలైతే, ఈ ఒక్క కారణంతో మీరు క్యాంపునే ఎంచుకున్నా నేను తప్పు పట్టను.

టర్ఫ్ ఉందా అని కొందరు అడుగుతారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌తో మొదలై పెద్ద పోటీలన్నీ క్రమంగా కృత్రిమ పచ్చిక మీదికి మారిన మాట నిజమే. ఎనిమిదేళ్ల పిల్లకు మాత్రం దాని అవసరం ఇంకా రాలేదు. స్పోర్ట్స్ హాస్టల్ ఊసు ఈ వయసులో ఎత్తనే వద్దు. పేరున్న పాన్‌పోష్ హాస్టల్ రవుర్కెలాలో, రాష్ట్రానికి ఆ కొసన ఉంది. మనం ఈ కొసన ఉన్నాము. వేసవి శిబిరాలు సెలవుల్లో కాలక్షేపానికి సరిపోతాయి.

మా ఏర్పాటు ఇది: పదేళ్లు వచ్చేదాకా వారానికి నాలుగు సాయంత్రాలు మాస్టారి దగ్గర, ఆదివారం ఉదయం మాత్రం క్యాంపులో. ఒక్క రోజుకు రానివ్వడానికి క్యాంపు కోచ్ మొదట ఒప్పుకోలేదు. అమ్మాయి స్టిక్కు తిప్పడం చూశాక, వచ్చే నెల నుంచి పంపమన్నారు.