180 మిల్లీలీటర్ల పని: షాఫ్ట్ బండి ఫైనల్ డ్రైవ్ ఆయిల్‌తో ఆరేళ్లు

హన్మకొండలో షాఫ్ట్ డ్రైవ్ బండ్లు (చైనుకు బదులు తిరిగే కడ్డీతో వెనక చక్రాన్ని తిప్పేవి) నడిపేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అందువల్ల వెనక చక్రం పక్కనుండే ఫైనల్ డ్రైవ్‌లోని ఆయిల్‌ను మార్చాలని చెప్పేవారు గాని, మార్చి చూపేవారు గాని నాకు ఇక్కడ దొరకలేదు. 2019 అక్టోబరులో నేను హైదరాబాదులో బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నప్పుడు దాని మీటరు 14,600 కిలోమీటర్లు చూపుతోంది. ఇప్పుడు 71,000 దాటింది. ఈ ఆరేళ్లలో ఆ ఆయిల్‌ను నా చేతులతో ఐదుసార్లు మార్చాను. బండి అమ్మినాయన తాళాలు చేతికిస్తూ, చైను లేదు కనుక మెయింటెనెన్సే లేదని చెప్పాడు. చైనుకు 500 కిలోమీటర్లకోసారి స్ప్రే కొట్టే పని తప్పిన మాట నిజమే గాని, రెండో మాట నిజం కాదు.

ఇంజిన్ నుంచి స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) లోపలి గుండా వచ్చే షాఫ్టు చక్రం దగ్గర ఒక చిన్న పళ్ల చక్రమైన పినియన్‌ను తిప్పుతుంది, ఆ పినియన్ పెద్ద పళ్ల చక్రమైన క్రౌన్‌ను తిప్పుతుంది, అక్కడే తిరుగుడు దిశ తొంభై డిగ్రీలు మారి చక్రానికి చేరుతుంది. లారీల వెనక హౌసింగ్‌లో జరిగేదీ ఇదే. ఈ పళ్లు ఒకదానిమీద ఒకటి దొర్లడమే కాక రాసుకుంటూ జారుతాయి కూడా, కాబట్టి మామూలు ఇంజిన్ ఆయిల్ పొర ఆ ఒత్తిడికి నిలవదు. గంధకం, భాస్వరం సమ్మేళనాలు కలిపిన జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. ఆ గంధకం వల్లే డబ్బా మూత తీయగానే కుళ్లిన వాసన వస్తుంది. ఒకసారి చేతికి అంటితే రెండు పూటలు పోదు. నా బండికి మాన్యువల్ చెప్పిన గడువు 20,000 కిలోమీటర్లు లేదా రెండేళ్లు, వీటిలో ఏది ముందైతే అది. పట్టే ఆయిల్ 180 మిల్లీలీటర్లు, అంటే ఒక పెద్ద గ్లాసు కూడా నిండదు. ఇంత కొద్ది ఆయిల్ అంత బరువు మోస్తుంది కనుకనే దాని మంచిచెడులు త్వరగా తేలిపోతాయని నా అభిప్రాయం.

మొదటి మార్పు నేను చేసింది కాదు. కొన్న వారంలోనే హైదరాబాదులోని ఒక వర్క్‌షాపులో పూర్తి సర్వీసు చేయించాను, బిల్లులో ఈ ఆయిల్ కూడా ఉంది. రెండు నెలల తర్వాత బండి కడుగుతుంటే ఫైనల్ డ్రైవ్‌కూ చక్రానికీ నడుమ ఆయిల్ కారకుండా ఆపే సీలు చుట్టూ ఆయిల్ చెమ్మ కనిపించింది. బ్రేకు డిస్కు అక్కడికి అంగుళం దూరంలోనే ఉంటుంది కాబట్టి నాకు భయం వేసింది. 2020 జనవరిలో ఒక ఆదివారం నేనే విప్పి, వచ్చిన ఆయిల్‌ను కొలిస్తే 240 మిల్లీలీటర్లు వచ్చింది. రంధ్రం నుంచి పొర్లేదాకా పోసి మూత పెట్టడం లారీ హౌసింగులకు సరిపోయే పద్ధతి. ఇక్కడ ఆ అలవాటే పనిచేసినట్టుంది. ఎక్కువైన ఆయిల్ వేడెక్కి వ్యాకోచించినప్పుడు పోవడానికి చోటు లేక సీలును తోస్తుంది. కొలిచి 180 పోసిన తర్వాత చెమ్మ బాగా తగ్గింది.

ఆయిల్ సంగతికి వస్తే, మాన్యువల్ చెప్పిన 75డబ్ల్యూ-90 సింథటిక్ కోసం వరంగల్ ఆటోనగర్‌లో నాలుగు షాపులు తిరిగాను. అందరి దగ్గరా లారీలకు పోసే 90 ఆయిల్, 140 ఆయిల్ ఉన్నాయి. ఒక పెద్దాయన "గదే 90 పొయ్యి సార్, మన ఎండలకు ఏం గాదు" అన్నాడు. ఆయన మాటలో పస లేకపోలేదు, ఎందుకంటే డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత పలుచగా ఉంటుందో చెప్పేదే గాని, మే నెల వరంగల్‌లో దానితో పనేమీ పడదు. వేడెక్కాక చిక్కదనం చెప్పేది రెండో అంకె. అయినా మాన్యువల్ మాట దాటడం ఇష్టంలేక హైదరాబాదు నుంచి లీటరు డబ్బా తెప్పించుకున్నాను, 1,150 రూపాయలు పడింది. ఆ ఒక్క డబ్బాతో మూడు మార్పులు చేశాను. మూత తీసి అయిదేళ్లు దాటాక మిగిలింది బండికి వాడడం ఇష్టంలేక ఊళ్లోని ఇంటి గేటు కీళ్లకు పోశాను. గేటు చప్పుడు పోయింది, వాసన మాత్రం నెలదాకా పోలేదని మా అమ్మ ఇప్పటికీ అంటుంది.

పనిముట్లలో నాకు అన్నింటికన్నా ఉపయోగపడ్డది ఎంజీఎం ఆసుపత్రి ఎదుటి మందుల షాపులో కొన్న సిరంజి. దాన్ని 50 ఎంఎల్ సిరంజి అంటారు గాని గీతలు 60 వరకు ఉంటాయి, కాబట్టి మూడుసార్లు నిండుగా ఎక్కిస్తే సరిగ్గా 180 అవుతుంది. మూతికి జానెడు ప్లాస్టిక్ గొట్టం తొడిగితే ఆయిల్ ఒక్క చుక్క కింద పడదు. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచి ఖరీదు ఎక్కువే, అయినా అది లేకుండా ఈ పనికి దిగవద్దు. కేసింగ్ అల్యూమినియం, బోల్టులను నేను 20 న్యూటన్ మీటర్లకే బిగిస్తాను. చేతి అంచనాతో బిగిస్తే దానికి రెట్టింపు పడడం తేలిక, అప్పుడు మర ఊడి చేతికి వస్తుంది.

పద్ధతి చిన్నదే. హంటర్ రోడ్డు మీదుగా పది, పన్నెండు కిలోమీటర్లు నడిపి వచ్చి, ఆయిల్ వెచ్చగా ఉండగా బండిని సెంటర్ స్టాండు మీద నిలపాలి. ముందు పోసే రంధ్రం బోల్టే విప్పాలి, అది కదలకపోతే కింది బోల్టును ముట్టుకోకూడదు. ఖాళీ చేశాక పై బోల్టు మొరాయిస్తే బండి ఎక్కడికీ కదలదు. కింది బోల్టు తీశాక పావుగంట వదిలేసి, సీలింగ్ రింగు కొత్తది వేసి, బిగించి, కొలిచి పోయడమే.

ఇంతకన్నా నేను ఎక్కువసేపు చూసేది ఆ కింది బోల్టు కొనన ఉన్న అయస్కాంతాన్ని. వేళ్ల మధ్య రుద్దితే కాటుకలాగ నలిగే బూడిదరంగు పేస్టు మామూలు అరుగుదల. గోటికి గుచ్చుకునే రేకుల్లాంటి ముక్కలు కనిపిస్తే పళ్లో బేరింగో పోతున్నట్టే. నాకు ఇంతవరకు పేస్టే వచ్చింది, అదీ ప్రతిసారీ అంతకుముందుకన్నా కొంచెం తక్కువ.

2023 జూలై 27 సంగతి విడిగా చెప్పాలి. ఆ వానకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 64 సెంటీమీటర్లకు పైగా పడింది, హన్మకొండలో నయీంనగర్ నాలా పొంగింది. మా సెల్లారులో బండి చక్రం ఇరుసు మునిగేదాకా నీళ్లలో ఓ రాత్రంతా నిలిచింది. అప్పటికి ఆయిల్ మార్చి 14,000 కిలోమీటర్లే అయింది, మాన్యువల్ ప్రకారం ఇంకా 6,000 గడువుంది. అయినా స్టార్ట్ చేయకుండా, చల్లగా ఉన్నప్పుడే కింది బోల్టు వదులు చేశాను. ముందుగా రెండు చెంచాల మురికి నీళ్లు జారాయి, వాటి వెనక పాలు ఎక్కువైన చాయ్ రంగులో చిక్కటి ద్రవం తీగ సాగుతూ వచ్చింది. నీళ్లు కలిసి చిలికిన ఆయిల్ అలాగే ఉంటుంది, దానితో నడిపితే పళ్ల మీద పొర నిలవదు, బేరింగులకు తుప్పు పడుతుంది.

అప్పుడు ఆటోనగర్ పెద్దాయన మాటే అక్కరకు వచ్చింది. 80డబ్ల్యూ-90 జీఎల్-5 చవక డబ్బా తెచ్చి 180 పోసి, ములుగు దాకా పోయి వచ్చి, ఆ వారంలో మొత్తం 150 కిలోమీటర్లు మెల్లగా తిప్పి మళ్లీ దించాను. ఈసారి రంగు కొద్దిగా మబ్బుగా ఉంది గాని చాయ్ రంగు లేదు. తర్వాత సింథటిక్ పోశాను. మేడారం దారిలో వాగు దాటినా ఇదే ప్రమాదం ఉంది: దూరం నడిచి వేడెక్కిన కేసింగ్ ఒక్కసారిగా చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, సందు దొరికితే నీటిని లోపలికి లాగుతుంది. ఇరుసు మునిగేంత నీళ్లు దాటిన ప్రతిసారీ నేను కిలోమీటర్ల లెక్క పక్కనబెట్టి బోల్టు కొద్దిగా వదులు చేసి నాలుగు చుక్కలు చూస్తాను.

2025 నవంబరులో చేసిన చివరి మార్పులో ఆయిల్ తేనె రంగులో, కొంచెం నలుపు తిరిగి, శుభ్రంగా వచ్చింది. పోసింది 180, వచ్చింది 175. చక్రాన్ని పైనా కిందా పట్టుకొని ఊపితే ఊగులాట లేదు. ఆ పాత సీలు దగ్గర మాత్రం ఎండాకాలంలో పలుచని చెమ్మ ఇప్పటికీ కడుతుంది. మార్చమని ఒక మెకానిక్ సలహా ఇచ్చాడు గాని, డిస్కు వైపు జరగనంతవరకు విప్పనని చెప్పి, పదిహేను రోజులకోసారి తెల్లటి టిష్యూతో తుడిచి చూసుకుంటున్నాను.