‘ఒకసారి కడిగి చూడండి మేడమ్’ అంటూనే పది రోజులూ గడిపేశారు: రోబో వాక్యూమ్ కొనేవాళ్ళకి జాగ్రత్త

ఆన్‌లైన్‌లో రోబో వాక్యూమ్ కొనబోతున్నవాళ్ళు ఆర్డర్ పెట్టే ముందు ఇది ఒకసారి చదవండి. ఇప్పటికే కొనేసి, వాసన వస్తోందని రోజూ ఫిల్టర్ కడుక్కుంటూ కూర్చున్నవాళ్ళు ఇంకా తొందరగా చదవండి. మీ రిటర్న్ గడువు ఆ కడుక్కోవడంలోనే అయిపోతుంది. మాకు అలాగే అయిపోయింది.

మేముండేది హైదరాబాద్ నిజాంపేటలో, రెండు పడగ్గదుల ఫ్లాట్. పనమ్మాయి మానేసి నెల దాటింది. అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, మా ఇద్దరికీ ఆఫీసులు. జులైలో సేల్ వస్తే, ఊడ్చి, తడిగుడ్డ పెట్టి, తన చెత్త తనే స్టేషన్‌లోకి (అది ఛార్జింగ్‌కి వెళ్ళి నిలబడే డబ్బా) వదిలేసుకునే రకం ఒకటి 36,999కి తీసుకున్నాం. పాత వాక్యూమ్ క్లీనర్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాం. అట్టపెట్టెకి సీల్ ఉంది. (సీల్ అంటే ఒక టేపు ముక్కే కదా, దాన్ని ఎవరైనా మళ్ళీ అంటించొచ్చని అప్పుడు తోచలేదు.)

మొదటిరోజు కొత్త ప్లాస్టిక్ వాసన తప్ప ఏమీ లేదు. రెండోరోజు పొద్దున అది ఇల్లంతా తిరిగి, స్టేషన్‌కి చేరి, గుయ్యిమంటూ చెత్త లాగిందో లేదో హాలంతా కంపు. వానలో తడిసిన గోనెసంచి వాసన, దాని అడుగున ఇంకేదో. అత్తయ్య దేవుడి గదిలోంచే "ఎక్కడో ఏదో చచ్చిందమ్మా" అన్నారు. సోఫా జరిపాం. ఫ్రిజ్ వెనక చూశాం. సింకు కింద జాలీ తీసి వేడినీళ్ళు పోశాం. బల్లి లేదు, ఎలుకా లేదు. రెండు రోజులు పాపం వంటింటి తూమునే తిట్టుకున్నాం. నాలుగోరోజు మా ఆయన స్టేషన్ పక్కన నేలమీద బోర్లా పడుకుని, అది చెత్త లాగుతున్నప్పుడు వెనక గాలి వచ్చేచోట ముక్కు పెట్టి చూశారు. లేచి, మాట్లాడకుండా బాల్కనీలోకి వెళ్ళిపోయారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు, అది ఒప్పుకోవాలి. "ఫిల్టర్ కడిగి, ఇరవై నాలుగు గంటలు ఆరబెట్టి చూడండి మేడమ్." జులై ముసురులో ఆ మడతల ఫిల్టర్ ఆరడానికి మాకు రెండు రోజులు పట్టింది. పెట్టి చూస్తే అదే వాసన. మళ్ళీ ఫోన్. "మాప్ ప్యాడ్లు ఉతికి చూడండి." ఉతికాం. "మురికినీళ్ళ ట్యాంకు కడిగి చూడండి." కడిగాం. "డస్ట్ బ్యాగ్ మార్చి చూడండి, కొత్తది పంపిస్తాం." అది రావడానికి మూడు రోజులు. ఫోన్ పెట్టేసిన ప్రతిసారీ మా ఫిర్యాదు పరిష్కారమైపోయిందని ఒక మెసేజ్. పదకొండోరోజు నాకు విసుగొచ్చి "ఇవన్నీ కాదు, మార్చి ఇవ్వండి" అన్నాను. "రీప్లేస్‌మెంట్‌కి పది రోజులే మేడమ్, నిన్నటితో అయిపోయింది" అన్నారు, అదే మర్యాదతో. వాసన తయారీ లోపం కిందికి రాదట. ఫిల్టర్, బ్యాగ్, బ్రష్ వాడేకొద్దీ అరిగే వస్తువులట, వాటికి వారంటీ ఉండదట.

అందుకే చెప్తున్నాను. మొదటిసారి కంపు కొట్టగానే ముందు రిటర్న్ రిక్వెస్ట్ పెట్టేయండి. కడగడాలూ ఆరబెట్టడాలూ ఆ తర్వాత. నిజంగానే కడిగితే పోయే వాసన అయితే రిక్వెస్ట్ రద్దు చేసుకోవచ్చు. ఫోన్లో ఎంత మొత్తుకున్నా చేతిలో ఏమీ మిగలదు, చాట్‌లోనో మెయిల్‌లోనో రాసి పెట్టుకోండి.

అంతా వాళ్ళ మీదకే నెట్టను, కొంత మా పాపమూ ఉంది. అత్తయ్య రోజూ దేవుడి గది ముందు బియ్యప్పిండితో ముగ్గు వేస్తారు. ఈ మహానుభావుడు దాన్ని శుభ్రంగా పీల్చేసుకుని, తడి మాప్‌తో తిరిగి వెళ్ళి స్టేషన్‌లో కూర్చుంటాడు. ప్యాడ్లు కడిగే పళ్ళెంలో కాసిని నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. పిండి, నీళ్ళు, వానాకాలపు ఉక్క. ఇంకేం కావాలి, రెండోరోజుకి దోసెల పిండిలా పులిసింది. ఆ పళ్ళెం బయటికి వస్తుందని నాకు ఎనిమిదోరోజు దాకా తెలియదు. తీస్తే అడుగున జిగటగా బూడిదరంగు పొర, అందులో వెంట్రుకలు. ఆ జిగట అంతా బ్యాక్టీరియా కట్టుకున్న గూడే, నీళ్ళు పోసి తొలిపితే పోదు, బ్రష్ పెట్టి రుద్దాల్సిందే. పైగా మేం కొన్న మోడల్‌లో ప్యాడ్లని వేడిగాలితో ఆరబెట్టే ఏర్పాటు లేదు. కొనేటప్పుడు చూసుకోలేదు. తానే కడుక్కుంటుంది అని రాసి ఉంటే తానే ఆరబెట్టుకుంటుంది అనుకున్నాం. అవి రెండూ వేరు, ధర కూడా వేరు.

పళ్ళెం తోమాక పులుపు వాసన పోయింది. గోనెసంచి వాసన మాత్రం అలాగే ఉంది. అప్పుడర్థమైంది, వాసనల్లో రకాలుంటాయని. పులుపూ మురుగూ అయితే నీళ్ళ వైపు చూడాలి: ట్యాంకు, పళ్ళెం, ప్యాడ్లు. ముక్కిపోయిన వాసన అయితే గాలి వైపు: సరిగ్గా ఆరకుండా పెట్టేసిన ఫిల్టర్, చెత్తతోపాటు తడి చేరిన బ్యాగ్. కమురు కంపు వస్తే బ్రష్ కొసల్లో జుట్టు చుట్టుకుని రాపిడికి వేడెక్కుతోందేమో చూడండి, కత్తెరతో కోసి తీసేయొచ్చు. కానీ బ్యాటరీ వైపు నుంచి గోళ్ళ రంగు తుడిచే మందులాంటి తియ్యటి ఘాటు వస్తే, లేదా అడుగుభాగం ఉబ్బినట్టు ఉంటే, అది కడిగే సంగతి కాదు. లిథియం బ్యాటరీ లోపలి ద్రవం కారుతూ ఉండొచ్చు. ఛార్జింగ్ ఆపేసి, మంచానికీ కర్టెన్లకీ దూరంగా పెట్టి, సర్వీసువాళ్ళని పిలవండి. మళ్ళీ ఆన్ చేసి చూద్దాం అనుకోవద్దు.

ఇంకొకటి. కోపంలో నేను ట్యాంకులో ఫినాయిల్ పోయబోయాను, మా ఆయన ఆపారు. కంపెనీ చెప్పని ద్రవాలు పోస్తే నురగ, తుప్పు, పైగా వారంటీకి ఎగనామం. బ్లీచింగ్ నీళ్ళూ వెనిగరూ రెండూ కలిపి పోస్తే బాగా పోతుందని ఎవరైనా చెబితే అసలు వినకండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, కిటికీల్లేని బాత్రూంలో ఊపిరాడదు.

సరే, మా కథకి వస్తాను. పదహారోరోజు విజిట్ ఛార్జి 499 కట్టి సర్వీసు కుర్రాణ్ణి పిలిపించాం. స్టేషన్ వెనక మూత స్క్రూలు తీశాడు. చెత్త పైకి వెళ్ళే గొట్టం వంపు తిరిగేచోట పిడికెడు ముద్ద ఇరుక్కుని ఉంది, తడిసి, బూజు పట్టి. దాన్ని బయటికి లాగుతూ అడిగాడు: "కుక్కని ఎక్కడ కట్టేస్తారు మేడమ్?"

మాకు కుక్క లేదు. ఎప్పుడూ లేదు. ఆ ముద్దంతా తెల్లవీ గోధుమరంగువీ పొట్టి వెంట్రుకలు.

ఆ అబ్బాయి ఇంకేం మాట్లాడలేదు, మాట్లాడితే ఉద్యోగం పోతుందేమో. జాబ్ షీట్‌లో మాత్రం ‘గొట్టంలో జంతువుల వెంట్రుకలు, బూజు’ అని రాసిచ్చాడు. అది చాలు మాకు. రాత్రికి ఇంకొకటి దొరికింది. మొదటిరోజు ఇంటి మ్యాప్ గీస్తున్నప్పుడు మా చెల్లికి గొప్పలు చెప్పుకోడానికి యాప్ స్క్రీన్‌షాట్లు నాలుగు పంపాను. ఒకదాంట్లో మెయింటెనెన్స్ పేజీ ఉంది. మెయిన్ బ్రష్ ఆయుష్షు 81 శాతమే మిగిలి ఉంది. పెట్టె విప్పిన గంటకే! అప్పుడు చూసీ చూడనట్టు వదిలేశాను. ఎవరో వాడి, వాసన భరించలేక తిప్పి పంపింది, తుడిచి కొత్తదని మాకు అంటగట్టారన్నమాట.

కాబట్టి పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. మీ యాప్‌లో బ్రష్షూ ఫిల్టరూ ఎంత శాతం మిగిలాయో చూపించే పేజీ ఉంటే మొదటి పరుగుకి ముందే స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. టార్చి వేసి గొట్టం లోపల, బ్రష్ కొసల్లో, ట్యాంకు మూలల్లో చూడండి. కొత్తదానిలో నీటి మరకే కనిపించినా ‘ఫ్యాక్టరీ టెస్టింగ్ మరక’ అన్న జవాబుతో సరిపెట్టుకోకుండా రాతపూర్వకంగా అడగండి.

గడువు అయిపోయిందంటే దారి మూసుకుపోయినట్టు కాదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువుని, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ గ్రీవెన్స్ ఆఫీసర్, అంటే ఫిర్యాదులు చూసే అధికారి, ఉండాలి, ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. మేము కస్టమర్ కేర్‌ని వదిలేసి ఆ ఆఫీసర్‌కే జాబ్ షీట్, స్క్రీన్‌షాట్ జతచేసి మెయిల్ పెట్టాం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో కూడా నమోదు చేశాం, అక్కడ తెలుగులో మాట్లాడొచ్చు. అదీ కుదరకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్దామనుకున్నాం, వస్తువుకి కట్టిన డబ్బు 5 లక్షల లోపయితే ఫిర్యాదుకి ఫీజు లేదు. అంతదాకా రాలేదు. అప్పటిదాకా మర్యాదగా కాదన్నవాళ్ళే మెయిల్ పెట్టిన ఆరోరోజు ఫోన్ చేసి "పికప్ ఎప్పుడు పెట్టమంటారు" అని అడిగారు.

డబ్బు 19 రోజుల తర్వాత ఖాతాలో పడింది. 499 తిరిగి రాలేదు. ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చిన పాత వాక్యూమ్ క్లీనర్ సంగతి అడిగితే, అది వేరే విభాగమట, టికెట్ నంబర్ ఇచ్చారు. ఇంకా ఓపెన్‌లోనే ఉంది. పికప్ కుర్రాడు పెట్టె తీసుకెళ్తుంటే అత్తయ్య గుమ్మం దాకా వచ్చి, "బాబూ, దీన్ని మళ్ళీ ఎవరికీ అమ్మరు కదా?" అని అడిగారు. అతను నవ్వి లిఫ్ట్ బటన్ నొక్కాడు.