మిగ్-21 పాత రకాల్లో ముందు ఏది చేయాలి: ఎఫ్-13 మేలా, ఎఫ్ఎల్ మేలా?

విజయవాడ, గుంటూరు కుర్రాళ్లం కలిసి ఆడే యుద్ధవిమాన సిమ్యులేటర్‌లో మిగ్-21 అంటే ఒక్క బిస్ రకమే ఉంది. అది 1972లో వచ్చిన విమానం. 1971 యుద్ధం మీద మిషన్ కట్టుకున్నా అందులోనే ఎగరాల్సి వస్తోంది. అందుకే పాత రకం ఒకటి మేమే మోడ్‌గా (ఆటకి ఆటగాళ్లే తయారుచేసి జోడించే భాగంగా) చేసి చేర్చాలనుకున్నాం. ఎఫ్-13, ఎఫ్ఎల్ అనే రెండు పాత రకాల్లో ఏది ముందు అనే దగ్గర మాటలు పెరిగాయి. నా ఓటు ఎఫ్-13కి.

ముందు సులువు దారి సంగతి. ఉన్న బిస్‌కే పాత రంగులు వేసి, ఇంజిన్ థ్రస్ట్ (ముందుకు తోసే బలం) తగ్గిస్తే చాలదా అని కొందరు అడిగారు. చాలదు. బిస్‌లోని ఆర్-25 ఇంజిన్ మామూలు ఆఫ్టర్‌బర్నర్‌తో (వెనక అదనంగా ఇంధనం మండించి) 7,100 కిలోల థ్రస్ట్ ఇస్తుంది. ఎఫ్-13లోని ఆర్-11 ఇచ్చేది 5,740. ఆ అంకె ఒక్కటే చూస్తే ఎఫ్-13 బక్కదనిపిస్తుంది. కానీ మామూలు టేకాఫ్ బరువు బిస్‌కి సుమారు 8,700 కిలోలు, ఎఫ్-13కి సుమారు 7,400. బరువుతో భాగించి చూస్తే 0.82, 0.78 వస్తాయి. పెద్ద తేడా లేదు. రెక్క వైశాల్యం రెండింటికీ 23 చదరపు మీటర్లే కాబట్టి చదరపు మీటరు మీద పడే బరువు బిస్‌లో 380 కిలోల దాకా ఉంటే, ఎఫ్-13లో 320 దగ్గరే ఆగుతుంది. అంటే మలుపుల్లో పాతదే చురుకు. బిస్ బరువు అలాగే ఉంచి థ్రస్ట్ మాత్రం కోసేస్తే ఎఫ్-13 రాదు, దానికి సరిగ్గా వ్యతిరేకమైన బండి వస్తుంది. కొత్త రకం చేర్చామని చెప్పుకోవాలంటే ఫ్లైట్ మోడల్ (విమానం ఎగిరే తీరును లెక్కగట్టే కోడ్) మొదటి నుంచీ రాయాల్సిందే.

ఇక ఎఫ్-13. సన్నని ముక్కు, లోపల వెతికే రాడార్ లేదు. గురికి దూరం చెప్పే చిన్న రేంజింగ్ రాడార్ ఒక్కటే ఉంటుంది. కుడివైపు 30 మి.మీ. ఫిరంగి, దానికి 30 గుళ్లు. రెండు సెకన్లు నొక్కి పట్టుకుంటే అయిపోతాయి. రెక్కల కింద రెండు కె-13 క్షిపణులు. అవి శత్రువు ఇంజిన్ వేడిని పట్టుకునేవి కాబట్టి వెనక నుంచి వెళ్తేనే పనిచేస్తాయి. స్క్రీన్ మీద చుక్క చూసి వేటాడే అలవాటున్న మావాళ్లు ఇందులో తల తిప్పి ఆకాశమంతా కళ్లతో గాలించాలి. ఇది నిజంగా వేరే రకం ఆట, నాకు కావాల్సింది అదే.

సమాచారం దొరకడం ఇంకో పెద్ద కారణం. 1966 ఆగస్టులో ఇరాక్ పైలట్ మునీర్ రెడ్ఫా తన ఎఫ్-13ను ఇజ్రాయెల్‌కి తీసుకుపోయాడు. దాన్ని 1968లో అమెరికన్లు నెవాడాలో ‘హావ్ డోనట్’ పేరుతో పరీక్షించారు. ఆ నివేదిక ఇప్పుడు రహస్యం కాదు. థ్రాటిల్ తోసినా ఇంజిన్ ఆలస్యంగా అందుకుంటుందని, తక్కువ ఎత్తులో వేగం పెంచితే విమానం బాగా అదురుతుందని, వెనక్కి సరిగా కనబడదని అందులో ఉంది. ఫ్లైట్ మోడల్ రాసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? పైలట్ ఏం ఫీలయ్యాడో తెలుస్తుంది, అంకెలూ దొరుకుతాయి.

త్రీడీ పని మాత్రం తగ్గదు. కానొపీ (కాక్‌పిట్ మీది గాజు మూత) ముందుకు తెరుచుకుంటుంది, బిస్‌లో పక్కకి. గాలి వేగం కొలిచే పొడవాటి పిటో గొట్టం ముక్కు కింద ఉంటుంది, నేల మీద ఉన్నప్పుడు పైకి మడుస్తారు. తర్వాతి రకాల్లో అది ముక్కు పైకి వెళ్లింది. ఇలాంటివి వదిలేస్తే చూడగానే తెలిసిపోతుంది.

గుంటూరు వాళ్ల పట్టు ఎఫ్ఎల్ మీద. “అన్నా, మన విమానం వదిలేసి ముందు అదెందుకు?” అని ఒక తమ్ముడు గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. 1963లో మన వాయుసేనకి మొదట వచ్చినవి ఎఫ్-13లే అయినా వాటి సంఖ్య చాలా తక్కువ. మన దగ్గర లైసెన్సు మీద తయారైంది ఎఫ్ఎల్: బాడీ నాసిక్‌లో, ఇంజిన్ కోరాపుట్‌లో, ఏవియానిక్స్ (ఎలక్ట్రానిక్ పరికరాలు) మన హైదరాబాద్‌లో. 1971 డిసెంబరు 14న ఢాకా గవర్నర్ భవనం మీద రాకెట్లు కురిపించినవీ అవే. బాపట్ల పక్కన సూర్యలంక స్థావరం కథలు వింటూ పెరిగిన కుర్రాళ్లకి, 2022లో కొరిశపాడు హైవే మీద సుఖోయ్‌లు బాగా కిందుగా ఎగిరిన వీడియోలు చూసి ఈ ఆటలోకి వచ్చినవాళ్లకి ఎఫ్ఎల్ అంటే ఉన్న ప్రేమ నాకూ ఉంది.

అడ్డు పడేది రాడార్. ఎఫ్ఎల్ ముక్కులో ఆర్-2ఎల్ ఉంది. దాని తెర, నేల నుంచి వచ్చే గందరగోళపు ప్రతిధ్వనులు, అందే దూరం, అన్నీ కోడ్‌లో రాయాలి. బిస్ రాడార్ కోడ్ తెచ్చి అతికిస్తే ఎఫ్ఎల్‌కి లేని చూపు ఇచ్చినట్టవుతుంది. మాలో కోడ్ రాసేవాళ్లు తక్కువ, వాళ్లకీ సెమిస్టర్ పరీక్షల టెన్షన్. ఎఫ్-13లో ఆ భారం లేదు. తేలికపాటి బాడీకి, ఆర్-11 కుటుంబం ఇంజిన్‌కి ఒకసారి ఫ్లైట్ మోడల్ కుదిరితే ఎఫ్ఎల్‌కి అదే పునాది. తర్వాత వెడల్పు ముక్కు, పెద్ద తోక, రాడార్ చేర్చుకుంటూ పోవచ్చు. ముందు ఎఫ్ఎల్ ఎత్తుకుంటే రాడార్ దగ్గర ఆగి రెండూ మూలపడతాయని నా భయం.

ఎఫ్ఎల్‌కి దిగినప్పుడు ఒక్క విషయంలో నేను రాజీపడను. దానికి లోపల ఫిరంగి లేదు. తర్వాత పొట్ట కింద జీపీ-9 గన్ పాడ్ తగిలించారు, అందులో 23 మి.మీ. జంట గొట్టాల ఫిరంగి, 200 గుళ్లు. 1971 డిసెంబరు 12న కచ్ సింధుశాఖ దగ్గర పాకిస్తాన్ ఎఫ్-104 యుద్ధవిమానాన్ని కూల్చింది ఆ ఫిరంగితోనే. కానీ పాడ్ పెడితే ఆ చోట అదనపు ఇంధనం మోసే డ్రాప్ ట్యాంక్ పెట్టడానికి ఉండదు. విమానానికి ఏవేం తగిలించాలో ఎంచుకునే లోడౌట్ మెనూలో ఈ రెండింట్లో ఒక్కదాన్నే ఎంచుకోనివ్వాలి, ఆటగాళ్లు ఎంత అడిగినా రెండూ కలిపి ఇవ్వకూడదు.